యూదు పిల్లలను ఏ బడిలో చేర్పించాలి? ఆదివారం బడి, హీబ్రూ బడి, డే స్కూల్, ట్యూటర్: తేడాలు, ఎంపిక

అమెరికాలో యూదు కుటుంబాల పిల్లలు ఒకటో తరగతికి వచ్చేసరికి తల్లిదండ్రులకు ఒక ప్రశ్న తప్పదు: మతం, హీబ్రూ, పండుగలు ఎక్కడ నేర్పించాలి? ముఖ్యమైన దారులు నాలుగు. సినగాగ్‌లో (యూదుల ప్రార్థనా మందిరంలో) ఆదివారం పూట జరిగే బడి. ఆదివారంతో పాటు వారం మధ్యలో ఒకటి రెండు సాయంత్రాలు కూడా నడిచే హీబ్రూ బడి. లెక్కలు, సైన్సు, తోరా (మోషే అయిదు గ్రంథాలు) అన్నీ ఒకే కప్పు కింద చెప్పే డే స్కూల్. ఇంటికో జూమ్‌లోకో వచ్చే ట్యూటర్. తల్లిదండ్రుల్లో ఒకరు యూదులు, మరొకరు తెలుగువారు అయిన ఇళ్లలో ఈ ప్రశ్నకు ఇంకో రెండు మూడు ముడులు పడతాయి. వాటి సంగతి విడిగా చెప్పాం.

ఫీజెంత, ఎంత దూరం, పిల్లల స్నేహితులు ఎక్కడ చేరారు అని చూసి చాలామంది నిర్ణయం తీసేసుకుంటారు. అవి ముఖ్యమే, కాదనలేం. కానీ వాటికంటే ముందు తేల్చుకోవాల్సిన మాట ఇంకొకటి ఉంది. పదమూడేళ్లు వచ్చేనాటికి మీ బిడ్డ ఏం చేయగలగాలి? సెదెర్ (పస్కా పండుగ రాత్రి విందు) బల్ల దగ్గర ఏం జరుగుతోందో తెలిసి, అక్కడ పిల్లలు పాడే నాలుగు ప్రశ్నలు పాడగలిగితే చాలా? సినగాగ్‌లో ప్రార్థన పుస్తకం తెరిచి అందరితో కలిసి చదవగలగాలా? తోరా చుట్టలోంచి నేరుగా చదవాలా? లేక హీబ్రూ మూలం విప్పి, మధ్యయుగ పండితుడు రాషీ వ్యాఖ్యానంతో సహా అర్థం చెప్పుకోవాలా? ఈ నాలుగూ నాలుగు వేర్వేరు గమ్యాలు. మొదటిదానికి డే స్కూల్ అక్కర్లేదు. నాలుగోదానికి ఆదివారం బడి ఎంత మంచిదైనా చాలదు. జవాబును ఒక కాగితం మీద రాసుకుని, భార్యాభర్తలిద్దరూ ఒప్పుకున్నాకే బడులు చూడటం మొదలుపెట్టండి. ఇద్దరి జవాబులూ వేరుగా ఉన్నాయని ఏడో తరగతిలో బయటపడితే ఆ సంవత్సరమంతా ఇంట్లో వాదనతోనే గడుస్తుంది.

గంటల లెక్క

ఆదివారం బడి మామూలుగా ఉదయం 9 నుంచి 11:30 దాకా. అందరూ కలిసి చేసే ప్రార్థన, పాటలు, చిరుతిండి, హాజరు పోగా తరగతిలో కూర్చుని చదివేది గంటన్నర. ఏడాదికి 30 ఆదివారాలు అనుకుంటే 45 గంటలు. మూడో తరగతి నుంచి ఏడో తరగతి దాకా అయిదేళ్లకు 225 గంటలు. పబ్లిక్ స్కూల్లో రోజుకు ఆరున్నర గంటల చొప్పున చూస్తే ఇది ఏడు వారాల చదువు. అయిదేళ్లు కలిపి ఏడు వారాలు! సాకర్ ఆటలు, మంచు కురిసిన రోజులు, పుట్టినరోజు పార్టీలు తీసేస్తే ఇంకా తగ్గుతుంది.

వారం మధ్యలో ఒక సాయంత్రం కలిపితే ఏడాదికి మరో 35 నుంచి 40 గంటలు చేరతాయి. గంటలు దాదాపు రెట్టింపు కావడం సరే, అసలు లాభం ఎడం తగ్గడం. ఆదివారం నేర్చుకున్న అక్షరం మళ్లీ ఏడు రోజుల తర్వాత కనిపించడానికీ, మూడు రోజులకే కనిపించడానికీ చాలా తేడా ఉంది. మొదటి రెండేళ్లలో హీబ్రూ చదవడం నిలబడుతుందా లేదా అన్నది చాలావరకు ఈ ఎడం మీదే ఆధారపడుతుంది.

డే స్కూల్లో యూదు పాఠాలు వారానికి పది గంటలే అనుకున్నా, 36 వారాలకు 360 గంటలు. ఆదివారం బడి అయిదేళ్లలో ఇచ్చేదానికంటే ఒక్క ఏడాదిలో ఇచ్చేది ఎక్కువ. ఇది ఒక బడిని తక్కువ చేయడానికి చెప్పే లెక్క కాదు. ఏ బడి నుంచి ఏం ఆశించవచ్చో తెలియడానికి చెప్పేది.

ఈ రూపాలు ఎందుకిలా ఉన్నాయో తెలిస్తే ఎంపిక తేలికవుతుంది. అమెరికాలో యూదుల ఆదివారం బడిని 1838లో ఫిలడెల్ఫియాలో రెబెకా గ్రాట్జ్ మొదలుపెట్టారు. పాఠం ఇంగ్లీషులో, ఉపాధ్యాయులు స్త్రీలు, రూపం క్రైస్తవుల సండే స్కూల్‌ది. మొదట్లో వాళ్ల పుస్తకాలనే తెచ్చి, తమకు పొసగని చోట్ల కాగితం అంటించి వాడుకున్నారు. కథలు, నడవడి, విశ్వాసం నేర్పడం దాని లక్ష్యం. మూల భాష లోతుగా చెప్పాలన్నది కాదు. 1910లో న్యూయార్క్‌లో యూదు విద్యా బ్యూరో బాధ్యత తీసుకున్న సామ్సన్ బెండర్లీ పిల్లలు పగలు పబ్లిక్ స్కూల్‌కే వెళ్లాలనీ, సాయంత్రం హీబ్రూ బడిలో భాషా సంస్కృతీ నేర్వాలనీ పట్టుబట్టారు. వారం మధ్య సాయంత్రాల బడి ఆ ఆలోచన చుట్టూ పెరిగింది. ఆదివారం బడిని హీబ్రూ ఎందుకు రాలేదని తప్పుపట్టే తల్లిదండ్రులు దానికి పుట్టుకలోనే లేని పనిని అడుగుతున్నారు.

హీబ్రూ ఎలా చెబుతారు: అసలు తేడా ఇక్కడే

బడి పేరుకంటే బోధన పద్ధతిని గట్టిగా అడగండి. హీబ్రూకు మూడు పద్ధతులున్నాయి.

మొదటిది అక్షరం పట్టి చదివించడం. మూడో తరగతిలో మొదలుపెట్టి 22 అక్షరాలు, పదం చివర రూపం మారే అయిదు అక్షరాలు (కాఫ్, మేమ్, నూన్, పే, త్సాదీ), అచ్చు గుర్తులు నేర్పి, ఆపైన ప్రార్థనలు గడగడ చదివిస్తారు. తెలుగు ఇళ్లవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. నిక్కూద్ అంటే మన గుణింతమే అనుకోండి. హల్లు కింద, పైన, పక్కన పెట్టే చుక్కలూ గీతలూ అచ్చును చెబుతాయి. తేడా ఒక్కటే: మనం తలకట్టు, గుడి లేకుండా రాయం, తోరా చుట్టలో ఆ గుర్తులు అసలు ఉండవు. చదివేవాడు గుర్తుపెట్టుకుని చదవాలి.

ఈ పద్ధతిలో పిల్లలు తప్పే చోట్లు ప్రతి తరగతిలోనూ అవే. బేత్‌కూ కాఫ్‌కూ, దాలెత్‌కూ రేష్‌కూ, హేకూ హెత్‌కూ, వావ్‌కూ చివరి నూన్‌కూ, సామెఖ్‌కూ చివరి మేమ్‌కూ పోలిక ఎక్కువ. మంచి ఉపాధ్యాయులు పోలిక ఉన్న జంటను ఒకే వారంలో నేర్పరు. ఒకటి బాగా కుదిరాక, రెండు మూడు వారాలు ఆగి రెండోది తెస్తారు. అక్షరమాల వరసలో వారానికి రెండేసి చెప్పుకుంటూ పోయే బడిలో హే పక్కనే వావ్, వావ్ తర్వాత జాయిన్, ఆపైన హెత్ వరసగా వచ్చిపడి పిల్లలు తికమకపడతారు. దాలెత్–రేష్ తేడాకు తోరా చుట్టలోనే ఒక పాఠం ఉంది. దేవుడు ఒక్కడే అని చెప్పే షెమా ప్రార్థన వాక్యంలో 'ఎహాద్' అన్న మాట చివరి దాలెత్‌ను లేఖకులు పెద్దదిగా రాస్తారు. దాన్ని రేష్ అని చదివితే 'ఒక్కడు' అన్న మాట 'మరొకడు' అయిపోతుంది. ఈ ఒక్క ఉదాహరణ చూపిస్తే చాలు, ఆ మూల చదునా గుండ్రమా అని పిల్లలు ఇక వదలకుండా చూస్తారు.

ఈ పద్ధతి లోపం: నోరు చదువుతుంది, అర్థం తెలియదు. నాలుగేళ్ల తర్వాత ప్రార్థన చక్కగా చదివే పిల్లను ఇందులో నీళ్లు అన్న మాట ఎక్కడుందో చూపమంటే దిక్కులు చూస్తుంది.

రెండోది కదలికలతో చెవికి నేర్పడం. కిండర్‌గార్టెన్ నుంచే రోజూ పది పదిహేను నిమిషాలు. లకూమ్ అంటే లేవాలి, లషెవెత్ అంటే కూర్చోవాలి, లలేఖెత్ అంటే నడవాలి. ఉపాధ్యాయిని చెబుతుంది, పిల్లలు చేస్తారు. మొదట ఎవరూ మాట్లాడక్కర్లేదు. ఇలా పోగైన మాటలు తర్వాత ప్రార్థనలో కనిపించినప్పుడు పాత స్నేహితుల్లా పలకరిస్తాయి. చదవడం నాలుగో తరగతి దాకా వాయిదా వేసినా నష్టం ఉండదు, చెవికి శబ్దం అలవాటై ఉంటుంది కాబట్టి. కానీ నేర్పేవాళ్లకు హీబ్రూ బాగా రావాలి. అచ్చులు కూడబలుక్కునే కాలేజీ విద్యార్థి చేతిలో ఈ పద్ధతి పదో వారానికే ఆగిపోతుంది.

మూడోది ఇజ్రాయెల్‌లో మాట్లాడే హీబ్రూ నేర్పడం. డే స్కూల్లో ఇది నడుస్తుంది, ఎందుకంటే రోజూ గంట ఉంటుంది. వారానికి గంటన్నర ఉన్న బడిలో మాట్లాడే హీబ్రూ, ప్రార్థన హీబ్రూ రెండూ చెబుతామంటే జాగ్రత్త. రంగుల పేర్లూ అంకెలూ వస్తాయి, ప్రార్థన రాదు, మాటా రాదు.

ఇంకో చిన్న లెక్క. పన్నెండు మంది ఉన్న తరగతిలో హీబ్రూకు 40 నిమిషాలు కేటాయిస్తే, ఒక్కొక్కరు పైకి చదివేది మూడు నిమిషాలు. అదే వారానికి ఒకసారి జూమ్‌లో ఒకరికొకరు కూర్చుంటే 20 నిమిషాలూ ఆ బిడ్డవే. అందుకే 2020 తర్వాత చాలా బడులు వారం మధ్య సాయంత్రాన్ని తీసేసి, ఆ చోట ఒక్కొక్కరికీ విడిగా 20–30 నిమిషాల జూమ్ పాఠం పెట్టాయి. చదవడం వరకు ఈ మార్పు మేలే చేసింది. పోయింది మాత్రం తోటి పిల్లలతో ఉండే సాయంత్రం. మీ పరిసరాల్లో యూదు పిల్లలు మరొకరు లేకపోతే ఆ నష్టం చిన్నది కాదు, దాన్ని కూడా తూకంలో వేయండి.

విలువలు: గోడ మీది పోస్టరా, చేతిలోని పనా

బడి చూడటానికి వెళ్లినప్పుడు గోడలు చూడండి. 'ఈ నెల విలువ: దయ' అని రంగురంగుల పోస్టరు, కింద హీబ్రూలో ఒక మాట. పాఠం అంతేనా, దాని వెనక ఏమైనా ఉందా? మంచిగా ఉండు, పంచుకో, పెద్దల మాట విను అని ఏ బడైనా చెబుతుంది. యూదు సంప్రదాయం ప్రత్యేకత దాని నిర్దిష్టతలో ఉంది: ఎవరికి, ఎప్పుడు, ఎంత, ఎలా. ఆ కొలతలు తీసేసి చెబితే విలువ గాలిలో మాటగా మిగిలిపోతుంది.

త్సెదాకానే (దానం) చూడండి. ఈ మాట న్యాయం అన్న ధాతువు నుంచి వచ్చింది. ఇచ్చేవాడి దయ కాదు, తీసుకునేవాడి హక్కు అన్న భావం అందులోనే ఉంది. మామూలు బడిలో ఏం జరుగుతుంది? కారు దిగేముందు నాన్న జేబులోంచి రెండు క్వార్టర్లు తీసి ఇస్తాడు, పిల్లవాడు డబ్బాలో వేస్తాడు, జూన్‌లో డైరెక్టరు ఎవరికో చెక్కు పంపుతాడు. పిల్లవాడు నేర్చుకున్నది ఏమీ లేదు. దీన్నే సరిగ్గా చేసే బడిలో డబ్బు పిల్లల సొంత ఖర్చులోంచి వస్తుంది, అది పది సెంట్లైనా సరే. మధ్యయుగ యూదు పండితుడు మైమోనిడిస్ చెప్పిన దానపు ఎనిమిది మెట్లను ఎనిమిది కార్డులుగా రాసి, ముగ్గురు నలుగురు పిల్లల గుంపుకు కలిపేసి ఇస్తారు, వరసలో పేర్చమంటారు. అయిష్టంగా ఇవ్వడం అట్టడుగు మెట్టు. ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ ఒకరినొకరు తెలియకపోవడం పైనుంచి రెండోది. అప్పో, పనో, భాగస్వామ్యమో ఇచ్చి మళ్లీ చేయి చాచే అవసరం లేకుండా చేయడం అన్నిటికంటే పైది. పిల్లలు దాదాపు ఎప్పుడూ పేరు తెలియకుండా ఇవ్వడాన్నే పైన పెడతారు. అక్కడ వాదన మొదలవుతుంది, పాఠం కూడా అక్కడే మొదలవుతుంది. ఏడాది చివర మూడు సంస్థల పేర్లు బల్ల మీద పెట్టి, పోగైన డబ్బు ఎలా పంచాలో పిల్లలే ఓటు వేసి తేలుస్తారు. దీనికి కావలసింది వారానికి పది నిమిషాలు, చివర్లో ఒక పూర్తి తరగతి.

పూరీమ్ పండుగ కూడా అంతే. వేషాలు, గిలకల చప్పుడు ప్రతి బడిలోనూ ఉంటాయి. కానీ ఆ రోజు ఒక మనిషికి వెంటనే తినగలిగిన రెండు రకాల తినుబండారాలు పంపాలి, ఇద్దరు పేదలకు దానం ఇవ్వాలి అన్న లెక్క పిల్లలకు తెలుసా? ఈ రెండు సంఖ్యలూ తెలిసిన పిల్లవాడు తర్వాతి ఏడాది ఇంట్లో అమ్మను అడుగుతాడు. తెలియనివాడు వేషం గురించే అడుగుతాడు. జంతువుల పట్ల కరుణ అనగానే కుక్కపిల్ల బొమ్మ వేయించే బడి ఉంది. గూట్లో పిల్లలతో ఉన్న తల్లిపక్షిని పట్టుకోకూడదన్న ద్వితీయోపదేశకాండం మాట చదివించి, నువ్వు తినేముందు నీ పశువుకు పెట్టాలన్న తల్మూద్ (ప్రాచీన యూదు ధర్మచర్చల గ్రంథం) నియమం చెప్పి, రేపు పొద్దున మీ ఇంట్లో ఎవరు ముందు తింటారో చూసి రమ్మనే బడీ ఉంది. రెండోదాన్ని ఎంచుకోండి, అది నాలుగు మైళ్లు దూరమైనా సరే.

ఒక హెచ్చరిక. చాడీలు చెప్పకూడదన్న లషోన్ హరా పాఠం మూడు నాలుగు తరగతుల్లో బాగా పనిచేస్తుంది. ఆరో తరగతిలో అదే పాఠం చెబితే కొందరు పిల్లలు దాన్ని మరోలా తీసుకుని, తమను ఏడిపిస్తున్న సంగతి కూడా పెద్దలకు చెప్పకూడదనుకుంటారు. ఆపదలో ఉన్నవాళ్లను కాపాడటానికి చెప్పే మాట లషోన్ హరా కాదని ఉపాధ్యాయులు స్పష్టంగా చెబుతారో లేదో అడిగి తెలుసుకోండి.

డే స్కూల్ ఎవరికి, ట్యూటర్ ఎవరికి

మూలగ్రంథం చదవగలగాలి అన్నది మీ జవాబైతే డే స్కూలే సరైన చోటు. పండుగలు వేరే బడి సెలవులతో పోట్లాడవు. సుక్కోత్ పండుగ వారంలో పరీక్ష పెట్టరు. భోజనం కోషర్, అంటే యూదు ఆహార నియమాల ప్రకారం. తల్మూద్‌కు మూలమైన మిష్నాలో అయిదేళ్లకు లేఖనం, పదేళ్లకు మిష్నా, పదమూడుకు ఆజ్ఞలు, పదిహేనుకు తల్మూద్ అని వయసుల వరస ఒకటుంది. ఈ వరసకు దగ్గరగా నడవగలిగేది డే స్కూల్ ఒక్కటే. అడ్డంకి డబ్బు. ఏడాదికి 20 వేల డాలర్లు దాటడం చాలాచోట్ల మామూలే, పెద్ద నగరాల్లో ఇంకా ఎక్కువ. ముగ్గురు పిల్లలుంటే లెక్క మీరే వేసుకోండి. సహాయం చాలా బడులు ఇస్తాయి, కానీ దరఖాస్తు గడువు చేరిక గడువు కంటే ముందే ముగియవచ్చు. ఫీజు కాగితంలోని అంకె చూసి వెనక్కి తిరగకండి. ముందు సహాయం సంగతి అడగండి.

ఇంట్లో ఏమీ పాటించని కుటుంబం డే స్కూల్‌కు పంపితే రెండో తరగతిలోనే ఇబ్బంది వస్తుంది. బడిలో చెప్పింది ఇంట్లో ఎందుకు చేయమని పిల్ల అడుగుతుంది. దానికి జవాబు సిద్ధంగా ఉంటే సమస్య లేదు. లేకపోతే పిల్ల బడినో ఇంటినో నమ్మడం మానేస్తుంది.

ట్యూటర్ దారి పైకి తేలిగ్గా కనిపిస్తుంది. వారానికి గంట, మీకు వీలైన వేళ, పిల్లవాడి వేగానికి తగ్గట్టు. నేర్చుకోవడంలో ఇబ్బంది ఉన్న పిల్లలకూ, ఊళ్లో బడి లేని కుటుంబాలకూ ఇదే ఉత్తమం. కానీ పదకొండున్నర ఏళ్లకు మొదలుపెట్టి బార్ మిత్స్వాకు (పదమూడేళ్లకు తోరా చదివే వేడుకకు) తయారు చేయమని అడిగితే ట్యూటర్ చేయగలిగింది ఒక్కటే: రికార్డింగు ఇచ్చి బట్టీ పట్టించడం. పిల్లవాడు ఆ రోజు చక్కగా పాడతాడు, మరుసటి వారానికి ఒక్క ముక్క గుర్తుండదు. పైగా చాలా సినగాగ్‌లు తమ బడిలో కొన్నేళ్లు చదవనిదే తేదీ ఇవ్వవు, తేదీలు కూడా రెండు మూడేళ్ల ముందే పంచేస్తాయి. ట్యూటర్‌తో సరిపెట్టుకోవాలనుకునేవాళ్లు ఈ నియమాన్ని మూడో తరగతిలోనే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

తోరా చదివించాలంటే పని ఇలా ఉంటుంది. ఒక అలియాకు (తోరా చదువుకు పిలిచే ఒక వంతుకు) కనీసం మూడు వచనాలు. 'తిక్కూన్' అనే పుస్తకంలో ఒక నిలువు వరసలో అచ్చులూ, పాడే బాణీని చెప్పే స్వర గుర్తులూ ఉన్న పాఠం, పక్కన చుట్టలో ఉన్నట్టే ఏ గుర్తూ లేని పాఠం ఉంటాయి. మొదటిదాంట్లో నేర్చుకుని, రెండోదాంట్లో పరీక్షించుకోవాలి. తొమ్మిది నెలల నుంచి ఏడాది దాకా, వారానికి అరగంట ట్యూటర్ దగ్గర, ఇంట్లో రోజుకు 15 నిమిషాలు. ఆదివారం ఒక్కసారే గంటన్నర చేయిస్తే కుదరదు. స్వర గుర్తులను గుంపులుగా నేర్పే ట్యూటర్ దగ్గర నేర్చిన పిల్లవాడు తర్వాత ఏ భాగమైనా సొంతంగా తయారుచేసుకోగలడు. రికార్డింగు మాత్రమే ఇచ్చే ట్యూటర్ దగ్గర నేర్చినవాడికి ఆ మూడు వచనాలే తెలుస్తాయి. చేర్పించేముందు అడగాల్సిన ఏకైక ప్రశ్న ఇదే అన్నా తప్పు కాదు.

తెలుగు–యూదు ఇళ్లకు ప్రత్యేకంగా

తల్లి యూదురాలైతే రిఫార్మ్, రీకన్‌స్ట్రక్షనిస్ట్, కన్సర్వేటివ్, ఆర్థడాక్స్ అనే నాలుగు ధోరణుల బడుల్లోనూ మామూలుగా బిడ్డ యూదు బిడ్డే. తండ్రి యూదుడు, తల్లి తెలుగు ఆవిడ అయితే బడి ఏ ధోరణిదో చూసుకోవాలి. రిఫార్మ్ ఉద్యమం 1983 నుంచి తండ్రి వైపు నుంచి కూడా గుర్తిస్తుంది, బిడ్డను యూదుగా పెంచుతూ ఉంటే. రీకన్‌స్ట్రక్షనిస్టులదీ అదే వైఖరి. కన్సర్వేటివ్, ఆర్థడాక్స్ సినగాగ్‌లు తల్లి వైపు నుంచే చూస్తాయి. బార్ మిత్స్వాకు ముందు మిక్వే అనే స్నానకుండంలో మునక సహా మతప్రవేశ క్రమం అడుగుతాయి. ఈ మాట ఆరో తరగతిలో రబ్బీ (మతగురువు) నోట మొదటిసారి వింటే పిల్లవాడు చాలా నొచ్చుకుంటాడు. చేరే రోజే, పిల్లవాడు గదిలో లేనప్పుడు, అడిగేయండి.

రెండో ముడి బాలవిహార్, అంటే పిల్లలకు హిందూ ధర్మం చెప్పే తరగతి. రిఫార్మ్ సమాజాలు మరో మతబడిలో చదవని పిల్లలనే చేర్చుకోవాలని 1995లో ఆ ఉద్యమం తీర్మానించింది. అందువల్ల ఆదివారం పొద్దున యూదు బడి, మధ్యాహ్నం గీతా శ్లోకాల తరగతి అంటే కొన్ని చోట్ల ఒప్పుకోరు. తెలుగు నేర్పే బడి భాష కోసమే కాబట్టి దానికి మామూలుగా అభ్యంతరం రాదు. అయినా దాచకుండా చెప్పండి. అమ్మమ్మ ఇంట్లో వినాయక చవితి పూజకు కూర్చోవడం గురించి పిల్లవాడు తరగతిలో చెబితే ఉపాధ్యాయులు ఏమంటారు అన్న ప్రశ్నను డైరెక్టరు ముందు పెట్టండి. జవాబులోని మాటలకంటే గొంతు మీకు ఎక్కువ చెబుతుంది.

యూదుతనం, తెలుగుతనం ఒక ఇంట్లో కలవడం మరీ కొత్త సంగతేం కాదు. గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని తమను చెప్పుకునే తెలుగు కుటుంబాలు శబ్బాతు (శుక్రవారం సాయంత్రం మొదలయ్యే విశ్రాంతి దినం) పాటిస్తూ, సొంత సినగాగ్ కట్టుకుని, పిల్లలకు హీబ్రూ నేర్పుతున్నాయి. మీ పిల్లవాడికి ఈ సంగతి చెప్పండి. తనలాంటివాళ్లు ఎక్కడా లేరనుకునే పిల్లవాడికి అది పెద్ద ధైర్యం.

శుక్రవారం సాయంత్రం

ఏ బడి ఎంచుకున్నా దాని ఫలితాన్ని సగం తేల్చేది ఇల్లే. ఇంట్లో కూర్చున్నప్పుడూ, దారిలో నడిచేటప్పుడూ, పడుకునేటప్పుడూ, లేచేటప్పుడూ పిల్లలతో వీటి గురించి మాట్లాడమంటుంది ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయం. అందులో బడి ప్రస్తావనే లేదు. ఆదివారం బడి ఒక్కటే వీలైన కుటుంబం శబ్బాతు మొదలయ్యే శుక్రవారం సాయంత్రం ఇరవై నిమిషాలు కేటాయిస్తే, ఇంట్లో ఏమీ చేయని రెండు రోజుల బడి కుటుంబం కంటే ముందుంటుంది.

వరస ఇది. ముందు త్సెదాకా డబ్బాలో నాణెం, దీపం వెలిగాక డబ్బు ముట్టరు కాబట్టి. సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు రెండు కొవ్వొత్తులు. పిల్లల తల మీద చేయి పెట్టి దీవెన: మగపిల్లలకు ఎఫ్రాయీములా, మనష్షేలా అని, ఆడపిల్లలకు శారా, రిబ్కా, రాహేలు, లేయాలలా అని. ద్రాక్షరసం మీద కిద్దూష్ అనే దీవెన, చేతులు కడగడం, గుడ్డ కప్పిన రెండు హల్లా రొట్టెల మీద దీవెన, ఉప్పు అద్దిన ముక్క అందరికీ. మొదటి నెల అంతా ఒకేసారి మొదలుపెట్టకండి. కొవ్వొత్తులు, రొట్టె చాలు. మూడో వారానికి కిద్దూష్, ఆరో వారానికి పిల్లల దీవెన. అన్నీ ఒకేరోజు మొదలుపెట్టిన ఇళ్లలో మూడో శుక్రవారానికే మానేయడం ఎక్కువ.

న్యూయార్క్‌లో డిసెంబరులో కొవ్వొత్తుల వేళ సాయంత్రం నాలుగుంబావుకే వస్తుంది, జూన్‌లో ఎనిమిది దాటాక. ఆఫీసు నుంచి నాలుగింటికి రాలేని తల్లిదండ్రులు ఏం చేయాలన్నది మీ ధోరణి మీద ఆధారపడుతుంది. రిఫార్మ్ ఇళ్లలో భోజనం వేళే వెలిగించేవాళ్లు చాలామంది. ఆర్థడాక్స్ బడి పిల్లవాడి ముందు అలా చేస్తే వాడు వెంటనే తప్పు పడతాడు. బడి ధోరణి ఇంటి ధోరణికి దగ్గరగా ఉండాలని చెప్పేది ఇందుకే.

సెదెర్‌కు కూడా ఒక మాట. బడిలో నమూనా సెదెర్ పండుగకు వారం ముందు చేయిస్తారు, నాలుగు ప్రశ్నలు నేర్పిస్తారు. కానీ అసలు సెదెర్‌లో పిల్లలు భోజనం రాకముందే ఆకలితో ఏడవడమో నిద్రపోవడమో జరుగుతుంది. కూర ముక్కను ఉప్పునీళ్లలో ముంచి తినే కర్పాస్ దగ్గర ఒక్క కొత్తిమీర రెమ్మతో సరిపెట్టకుండా ఉడికించిన బంగాళాదుంప ముక్కలు ఉప్పునీళ్లలో ముంచి తగినన్ని పెట్టండి. అఫికోమాన్ అనే రొట్టె ముక్కను దాచే ఆట సరదా కోసమే పుట్టలేదు. పిల్లలు నిద్రపోకుండా ఉండటానికి ఆ రాత్రి రొట్టెలు లాక్కోవాలని తల్మూద్‌లోనే ఉంది.

బడి చూడటానికి వెళ్లినప్పుడు

సెప్టెంబరులో కాదు, జనవరి చివర్లో వెళ్లండి. అప్పటికి కొత్త ఉత్సాహం తగ్గి అసలు రూపం కనిపిస్తుంది. ఒక తరగతిలో అరగంట కూర్చుని, ఉపాధ్యాయులు ఎన్ని నిమిషాలు మాట్లాడారో, పిల్లలు ఎన్ని నిమిషాలు మాట్లాడారో చూడండి. తరగతిలో ఎందరున్నారో లెక్కపెట్టండి. ఒక ఉపాధ్యాయుడికి 25 మంది, 40 దాకా పెరిగితే ఒక సహాయకుడు, 50 అయితే ఇద్దరు ఉపాధ్యాయులు అని తల్మూద్ చెప్పింది. కానీ అది రోజంతా నడిచే బడికి చెప్పిన లెక్క. వారానికి గంటన్నర ఉన్నచోట పన్నెండు దాటితే ఇబ్బందే. వారం మధ్య తరగతి సాయంత్రం 4:15కు మొదలైతే మొదటి పది నిమిషాలు తిండికి ఇస్తున్నారా చూడండి. ఆకలితో ఉన్న పిల్లకు దాలెత్ ఏదో రేష్ ఏదో ఎలా తెలుస్తుంది?

ఏడో తరగతి పిల్లల్లో ఇద్దరిని ఎప్పుడూ చూడని ఒక ప్రార్థన పేరా చదవమనండి, ముందే నేర్చుకున్నది కాకుండా. డైరెక్టరును రెండు అంకెలు అడగండి: ఏడో తరగతిలో ఎందరు, ఎనిమిదిలో ఎందరు. బార్ మిత్స్వా అయిన మరునాడే పిల్లలంతా వెళ్లిపోయే బడిలో పాఠం పిల్లలకు వేడుకకు పట్టే శిక్షణగా మాత్రమే అందింది. హైస్కూలు పిల్లలు సహాయకులుగా తిరిగివచ్చి చిన్న తరగతుల్లో కూర్చుంటున్నారంటే అది మంచి గుర్తు.

ఫీజు అడిగేటప్పుడు మొత్తం అడగండి: బడి ఫీజు, సినగాగ్ సభ్యత్వం, భద్రతా రుసుము, భవన నిధి, బార్ మిత్స్వా రుసుము. చబాద్ అనే ఆర్థడాక్స్ సంస్థ నడిపే హీబ్రూ బడుల్లో మామూలుగా సభ్యత్వం అడగరు. అక్కడ బోధన ఆర్థడాక్స్ ధోరణిలో ఉంటుందని తెలిసి వెళ్లండి. పుట్టినప్పటి నుంచి పన్నెండేళ్ల దాకా పిల్లలకు యూదు కథల పుస్తకాలను ఉచితంగా పంపే పీజే లైబ్రరీలో, ఏ బడి ఎంచుకున్నా, ముందు పేరు నమోదు చేయించండి. మిశ్రమ కుటుంబాలకూ పంపుతారు.

ఆలస్యంగా, నాలుగో తరగతిలోనో అయిదులోనో చేరే పిల్లను వయసు చూసి నేరుగా తరగతిలో కూర్చోబెడితే తోటివాళ్లు చదువుతుంటే తల దించుకుని కూర్చుంటుంది. వేసవి మొదట్లోనే మొదలుపెట్టి పన్నెండు వారాలు, వారానికి రెండుసార్లు ఇరవై నిమిషాల చొప్పున ట్యూటర్‌తో అక్షరాలు చెప్పించండి. వారానికి రెండు అక్షరాలు, పోలికున్న జంటలు ఎడంగా, అచ్చు గుర్తులు మూడో వారం నుంచి. సెప్టెంబరు మొదటి తరగతిలో షెమా మొదటి వాక్యం తనే చదవగలిగితే ఆ పిల్ల మిగతాది తరగతితో పాటు అందుకుంటుంది.